మాట కనబడే చోటు

ఎండాకాలం మొదట్లో కారం పట్టించుకురావడం మా ఇంట్లో నా పని. గిర్నీ మోత నన్ను ఇబ్బంది పెట్టదు కాబట్టే ఈ పని నాకు అంటగట్టానని మా ఆవిడ ఒప్పుకోదు గానీ, సంగతి అదే. లక్సెట్టిపేట బజారు చివర ఉన్న ఆ గిర్నీలోకి అడుగు పెట్టగానే నాకు ముందు తెలిసేది మిరపకాయల ఘాటు కాదు, నేల అదురు. చెప్పులు విడిచి నిలబడితే అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా పాకుతుంది. మొన్న నేను వెళ్ళేసరికి వరుసలో నలుగురున్నారు. గిర్నీ అతను బెల్టుకు అవతల నిలబడి ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు. నా పక్కనున్న పెద్దావిడ "ఏమన్నడు, ఏమన్నడు" అని అందరినీ అడుగుతోంది. "కరెంటు పోయేటట్టున్నది, పసుపు వాళ్ళను రేపు రమ్మంటున్నడు" అని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గింత మోతల నీకెట్ల ఇనబడ్డది సారూ?" అంది. నాకు వినబడలేదమ్మా, కనబడింది అందామనుకునేలోపు కారం గొంతులో పడి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుతోనే డబ్బా పట్టుకుని ఇంటిదారి పట్టాను. దారంతా సదానందమే గుర్తుకొచ్చాడు.

నా రెండు చెవులూ సగానికి పైగా పనిచేయవు. ఇంటర్ రెండో ఏడాదిలో ఇరవై రోజులు వదలని జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది వినికిడిని వెంట తీసుకుపోయింది. కుక్క మొరిగితే వినబడేది, బస్సు హారన్ వినబడేది, మనుషుల మాట మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వచ్చేది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మాది హుజూరాబాద్ దగ్గర ఒక పల్లె. పొలం ఉన్న ఇల్లు. అన్న వ్యవసాయంలో పడ్డాడు. నేను లెక్కల సారును అవుతానని మొండికేసి, డెబ్బైల మొదట్లో డిగ్రీకి కరీంనగర్ వచ్చాను. బస్సు ఎక్కించేటప్పుడు బాపు ఒకటే మాట అన్నాడు: "ఒక్క పరీక్ష పోయినా ఇంటికొచ్చుడే. మల్ల అడుగుడు లేదు." నాకు చెవుడు వచ్చిందని తెలిస్తే పరీక్షల దాకా కూడా ఆగడని నా భయం. వినబడని మనిషి బడిలో పాఠం ఎట్లా చెబుతాడు? ఈ ప్రశ్నకు నా దగ్గరే జవాబు లేదు, ఇక బాపుకు ఏం చెప్పను?

అందుకని దాచాను. ఎవరు ఏమన్నా నవ్వి "ఔ" అనేవాణ్ణి. క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని బోర్డు మీద రాసింది రాసినట్టు దించుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి కాలేజీలో నాకు బుద్ధిమంతుడని పేరొచ్చింది. ఎవరితోనూ వాదించని పిల్లవాడు కదా మరి. లోపల మాత్రం పొద్దున లేస్తే ఈ రోజు దొరికిపోతానేమోనని భయం.

సదానందం, నేను ఒకే గదిలో ఉండేవాళ్ళం. సిరిసిల్ల నుంచి వచ్చాడు. వాళ్ళది సాంచాల మీద బతికే ఇల్లు. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. బక్కగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న కత్తెరతో ఉండేవాడు. నా ఇంటి సంగతి తెలిసిన మొదటిరోజే నన్ను "పటేలా" అని పిలవడం మొదలుపెట్టాడు. అందులో మర్యాద పాలు తక్కువ, వెక్కిరింపు పాలు ఎక్కువ. మా గది చిన్నది. పడమటి వైపు ఒక కిటికీ, దాని పక్కన ఒక బల్ల, అటొకటి ఇటొకటి రెండు కుర్చీలు. సదానందం కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. నాకు సాయంత్రం ఎండ మొహాన కొట్టేది, అయినా సర్దుకునేవాణ్ణి.

మూడో వారంలో దొరికిపోయాను. నేను బట్టలు మడతపెడుతున్నాను. సదానందం గోడ వైపు తిరిగి స్టవ్ వెలిగిస్తూ ఏదో గొణిగినట్టు అనిపించింది. అలవాటు ప్రకారం "ఔ" అన్నాను. అతను వెనక్కి తిరిగి, స్టవ్ వదిలేసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏందిర ఔ? నీ కొత్త అంగీ చింపి మసిబట్ట చేసుకుంట అన్న. చేసుకోమంటవా?"

నేను నవ్వబోయాను. అతను నవ్వలేదు. "ఎన్నాళ్ళ సంది ఇట్ల?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమీ లేదన్నాను, పరధ్యానంగా ఉన్నానన్నాను, నీకెందుకన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఒకే గదిలో ఉండి రెండు రోజులు మాట్లాడకపోవడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది, అందులోనూ వంట అతనిది. మూడో రోజు అన్నం వడ్డించి నా ముందు కూర్చుని, నాకు వినబడేటంత గట్టిగా, మెల్లగా చెప్పాడు.

"మా బాపు గూడ గట్లనే తల ఊపేటోడు. సాంచాల నడుమ ఉండి ఉండి ఆయన చెవులు పోయినయి. అందుకే నిన్ను పట్టిన. కని ఆయన నీ లెక్క పరేషాన్ కాలే. కార్ఖానల ఆయనకు వినుడు అక్కరలేదు."

"అక్కరలేకపోవుడేంది?"

"శనివారం నాతోని రా. నోటితోని చెప్తే సమజ్ గాదు."

శనివారం మధ్యాహ్నం సిరిసిల్లలో దిగాం. కార్ఖానా సందు మొదట్లోనే నేలలో అదురు మొదలైంది. తలుపు తోసుకుని లోపలికి పోయాక ఆ మోతకు నా చెవులు కూడా గింగిరాలెత్తాయి. పదహారు సాంచాలు ఒక్క కప్పు కింద కొట్టుకుంటున్నాయి. పోగును మోసే నాడెలు అటూ ఇటూ దూకుతున్నాయి. గాలిలో దూది పీచు తేలుతోంది, మనుషుల కనురెప్పల మీద, జుట్టు మీద వాలి అందరినీ ముసలివాళ్ళను చేసింది. సదానందం నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా ఒక్క అక్షరం తెలియలేదు. అంటే ఆ చోట అతనూ నేనూ ఒక్కటే. ఆ సంగతి తట్టగానే, జ్వరం వచ్చిన తర్వాత మొదటిసారి నా భుజాలు వదులయ్యాయి.

అప్పుడు చూశాను. ఈ చివరన తెగిన పోగు అతుకుతున్న ఒక మనిషి తల ఎత్తి, ఆ చివరన ఉన్న మనిషి వైపు చూసి పెదవులు కదిపాడు. గొంతు లేదు, చేతి సైగ లేదు, చేతులు పోగు మీదే ఉన్నాయి. ఆ చివరి మనిషి విరగబడి నవ్వాడు. నడుమ ఉన్న ఇంకొకతను ఆ మాట అందుకుని మరో మాట కలిపాడు, ఈసారి నలుగురు నవ్వారు. పక్క గదిలో నూలు కండెలు చుడుతున్న ఆడవాళ్ళలో ఒకామె గుమ్మంలోకి వచ్చి ఇద్దరినీ గట్టిగా మందలించింది, అదీ పెదవులతోనే. చెవులు చిల్లులు పడే ఆ మోత నడుమ, బజారులో రచ్చబండ మీద కూర్చున్నంత తీరుబడిగా వాళ్ళు ముచ్చట్లు పెట్టుకుంటున్నారు. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నాకు అప్పటిదాకా తెలిసిన లోకంలో వినబడనివాడు ఒంటరివాడు. ఇక్కడ ఎవరికీ వినబడదు, ఎవరూ ఒంటరిగా లేరు.

సదానందం తండ్రి మల్లయ్య చివరి వరసలో నాలుగు సాంచాలు చూసుకుంటున్నాడు. కొడుకు పెదవులతో ఏదో చెప్పాడు, బహుశా నా గురించే. ఆయన నా దగ్గరికి వచ్చి, నెత్తి మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, తలుపులోంచి వెలుగు పడే చోటికి జరిగి నిలబడ్డాడు. పెదవులు కదిపాడు. నాకు అర్థం కాలేదు. అలవాటు ప్రకారం నవ్వి తల ఊపాను. ఆయన తల ఊపలేదు. మళ్ళీ అదే మాట, మెల్లగా. పెదవులు రెండూ మూసుకుని విడిపోవడం చూశాను, కింది పెదవి పళ్ళకు తగలడం చూశాను. మూడోసారి చెప్పాడు. అప్పుడు చటుక్కున తెలిసింది.

"బువ్వ తిన్నవా?"

తినలేదని తల అడ్డంగా ఊపాను. ఆయన మొహం వికసించింది. నా భుజం మీద తట్టి పక్క గదివైపు చూసి ఏదో అన్నాడు. క్షణంలో నా చేతిలోకి పళ్ళెం వచ్చింది. ఆ అన్నం మీద కూడా రెండు దూది పోచలు వాలాయి. నేను మొట్టమొదట కళ్ళతో విన్న మాట అది. ఏడుపొచ్చింది, పీచు కంట్లో పడిందన్నట్టు తుడుచుకున్నాను. అక్కడ అందరూ అట్లాగే తుడుచుకుంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత రెండు వారాలకోసారి సిరిసిల్ల. మిగతా రోజులు గదిలో సాధన. సదానందం పాఠ్యపుస్తకం తీసి గొంతు లేకుండా చదివేవాడు, అతను చెప్పింది నేను పైకి చెప్పాలి. మొదట్లో అన్నీ తప్పులే. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయి, క, గ అసలు కనబడవు. నేను విసుక్కుని పుస్తకం విసిరేస్తే అతను ఏరి తెచ్చేవాడు.

"ఒక్కొక్క పోగును చూస్తున్నవు నువ్వు. బట్టను చూడు. ఎవలు మాట్లాడుతున్నరు, దేని గురించి, మొఖం ఎట్లున్నది, అదంత కలిపి చూడు. తెగిన పోగు అదే దొరుకుతది."

సాధన మొదలైన వారంలోనే ఒకరోజు నేను వచ్చేసరికి కుర్చీలు మారి ఉన్నాయి. అతను నా చోట, కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు. ఎందుకు మార్చావంటే, "నాకు ఎండ మంచిగనిపిస్తది. ఇంటికాడ కార్ఖాన చీకట్ల పెరిగినోన్ని గద" అన్నాడు. నాకేం, నీడ దొరికింది. మూడేళ్ళు ఆ నీడలో హాయిగా కూర్చున్నాను.

నేర్చుకుంటున్న కొద్దీ తిప్పలు కూడా పడ్డాను. మా క్లాసులో ఒకమ్మాయి, నేను ఎప్పుడూ తన మూతి వంకే చూస్తున్నానని ఫిర్యాదు చేసింది. సదానందం ఆ రోజంతా పడీ పడీ నవ్వాడు. మర్నాడు పోయి ఆమెకు ఏం చెప్పాడో తెలియదు, అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడేటప్పుడు మొహం ఇటు తిప్పి, తీరికగా మాట్లాడేది. ఇంకో ఇబ్బంది దీనికంటే పెద్దది. కార్ఖానా మనుషులతో మాట్లాడీ మాట్లాడీ నేను కూడా గొంతు లేకుండా మాట్లాడటం మొదలుపెట్టాను. నా గొంతు నాకే సరిగా వినబడదు కదా, అది పలుకుతోందో లేదో నాకు తెలిసేది కాదు. హోటల్లో సర్వర్‌కు చాయ్ చెప్పి అరగంట కూర్చున్న రోజులున్నాయి.

ఏడాది చివర భౌతికశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ప్రయోగం సరిగానే చేశాను. తర్వాత మౌఖికం. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు నిలబడ్డాను. ఆయన మీసం పై పెదవిని దాటి కింది పెదవిని కూడా కప్పేసింది. ఆ మీసం వెనక ఏదో కదిలింది, అంతే. ఆయన మళ్ళీ అడిగాడు. మీసం మళ్ళీ కదిలింది. బాపు మాట గుర్తొచ్చింది, ఊరి బస్సు గుర్తొచ్చింది. "ఔ" అనడానికి నోరు తెరవబోయాను.

అప్పుడు ఆయన భుజం మీదుగా చూశాను. వెనక బల్ల దగ్గర తన వంతు కోసం సదానందం నిలబడి ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. అతని పెదవులు కదిలాయి: "లోలకం పొడువు పెంచితే ఏమైతది?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. జవాబు చెప్పాను. పరీక్షాధికారి నన్ను వింతగా చూశాడు. ఇంకోసారి చెప్పాను. ఆయన ముందుకు వంగాడు. వెనక సదానందం కంగారుగా తన గొంతు మీద వేలితో తట్టుకుంటున్నాడు. అప్పుడు తెలిసింది, నేను సాంచాల మనిషిలాగా ఉత్త పెదవులతో జవాబిస్తున్నానని. దగ్గి, గొంతు పెంచి, "డోలనావర్తన కాలం పెరుగుతుంది సార్" అన్నాను. మరీ గట్టిగా వచ్చినట్టుంది, ల్యాబు మొత్తం ఇటు తిరిగింది.

అట్లా నాలుగు ప్రశ్నలు గడిచాయి. ఆయన అడుగుతాడు, వెనక సదానందం పెదవులు ఆ ప్రశ్నను నాకు చేరవేస్తాయి, నేను జవాబు చెబుతాను. అయిదో ప్రశ్న, సబ్బు కలిపితే నీటి ఉపరితల తన్యత ఎందుకు తగ్గుతుందని. అది నేను చదవలేదు. సదానందానికి అది కొట్టినపిండి అని నాకు తెలుసు. ఆశగా అతని పెదవుల వైపు చూశాను. అతను రెండు పెదవులూ బిగించి మూసుకున్నాడు. నేను కళ్ళతో బతిమాలాను. అతను మొహం పక్కకు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. "తెలియదు సార్" అన్నాను. ఆయన తల ఊపి పంపించేశాడు.

బయటికి వచ్చాక అతని మీద విరుచుకుపడ్డాను. నాలుగు చెప్పినవాడివి అయిదోది చెబితే నీ సొమ్మేం పోయిందన్నాను. సదానందం చెట్టు కింద కూర్చుని జేబులోని కత్తెరతో గోరు తీసుకుంటూ తాపీగా విన్నాడు.

"నీకు ప్రశ్న వినబడాలె. అందరికి వినబడుతున్నప్పుడు నీకెందుకు వినబడొద్దు? అందుకని చెప్పిన. జవాబు నీకు రాలే. అది చెవుల తప్పు గాదు గద. నేను చెప్తే, రేపటి సంది నీకు ఏది చెవిటితనమో ఏది చదవకపోవుడో సమజ్ గాదు."

అప్పుడు కోపమే వచ్చింది. ఈ మాట విలువ తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. పంతొమ్మిదేళ్ళవాడు, ఎవరూ నేర్పకుండా, దయకూ న్యాయానికీ మధ్య గీత అంత సూటిగా ఎట్లా గీశాడో నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. పాస్ అయ్యాను. ఫలితాలు వచ్చిన రోజున అతను మరో మాట అన్నాడు, "ఇగ ఇంటికి పోయి మీ బాపుకు చెప్పు. ఎన్నొద్దులు నేను ఒకల ఎనుక నిలవడాలె?"

పోయి చెప్పాను. బాపు ఎడ్లకు మేత వేస్తున్నాడు. విని కాసేపు మేత సర్దుతూనే ఉన్నాడు. తర్వాత నా ఎదురుగా వచ్చి నిలబడి అన్నాడు, "నాకు ఎర్కనే. నీ ఎనుకనుంచి బండి వస్తె నువ్వు జరగలే. ఆ పొద్దే సమజైంది. ఎన్నడు చెప్తవో అని చూస్తున్న. ఎట్ల పాసైనవు మరి?" సదానందం సంగతంతా చెప్పాను. బాపు మరుసటి వారం కరీంనగర్ వచ్చేటప్పుడు ఒక బియ్యం బస్తా మోసుకొచ్చి సదానందం మంచం కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటికి రమ్మనే మాట మళ్ళీ ఎత్తలేదు.

డిగ్రీ అయ్యాక నేను లెక్కల సారునయ్యాను. ఖానాపూర్‌లో కొన్నేళ్ళు, ఆ తర్వాత లక్సెట్టిపేట. నా క్లాసులో చివరి బెంచీ పిల్లలు గుసగుసలాడుకుంటే నేను ఇక్కడినుంచి జవాబు చెప్పేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక నేను పెట్టుకున్న చెవుల మిషన్‌లో ఏదో మంత్రం ఉందని పిల్లల్లో పుకారు. సదానందం ఉద్యోగానికి పోలేదు. మల్లయ్య చూపు కూడా మందగించడంతో సిరిసిల్ల వెళ్ళి ఆ సాంచాలనే అందుకున్నాడు. కండెలు చుట్టే ఇంటి అమ్మాయి భూలక్ష్మిని పెళ్ళి చేసుకున్నాడు. ఏడాదికి ఒకసారి కలిసేవాళ్ళం, కార్ఖానాలోనే. బయటైతే మాట్లాడుకున్నట్టే ఉండేది కాదు మాకు.

కొన్నేళ్ళ క్రితం భూలక్ష్మి దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. సదానందానికి గొంతులో పుండు లేచిందట, ఆపరేషన్ చేసి మాట పలికే పెట్టెనే తీసేశారట. కరీంనగర్ దవాఖానలో ఉన్నాడు. "పన్నెండు రోజులాయె అన్నా, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. పెదిమలు గూడ కదుపుతలేడు. మీరొకసారి రాండ్రి" అని రాయించింది. నేను అదే రోజు బయలుదేరాను.

మధ్యాహ్నం దాటాక వార్డులో అడుగుపెట్టాను. ఆమె చెప్పినట్టే ఉన్నాడు. గోడ వైపు మొహం, మెడ చుట్టూ కట్టు. పక్కన బిడ్డ తెచ్చిపెట్టిన పలక ఒకటి, దాని మీద ఒక్క గీత కూడా లేదు. "నేను పెదిమలు చదువుత, నాతోనన్న మాట్లాడు అని మొక్కిన అన్నా" అంది భూలక్ష్మి. "కండ్లు మూసుకుంటడు." ఇన్నేళ్ళ సాంచాల మోతకు కూడా అతని చెవులు పూర్తిగా పోలేదు కాబట్టి గట్టిగా పేరు పెట్టి పిలిచాను. కదల్లేదు. అప్పుడు మంచానికీ గోడకూ నడుమ ఉన్న సందులోకి దూరి, అతని మొహానికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. కళ్ళు తెరిచాడు. ఎంత చిక్కిపోయాడో.

"సదా, ఇక్కడ చీకటున్నది. నువ్వు ఏమన్నా నాకు కనబడదు. జర వెలుగు దిక్కు తిరుగు" అన్నాను.

చాలాసేపు నన్ను చూశాడు. అతను తిరగకపోతే నేను అతన్ని పోగొట్టుకున్నట్టే అనిపించింది. తర్వాత మంచం పట్టె పట్టుకుని, నొప్పికి మొహం చిట్లిస్తూ, మెల్లగా అటు ఒత్తిగిలాడు. నేను సందులోంచి బయటపడి ఆ వైపుకు పరిగెత్తాను. పడమటి కిటికీలోంచి ఎండ సూటిగా అతని మొహం మీద పడుతోంది. పెదవులు ఎండిపోయి అతుక్కున్నాయి, వాటిని విడదీసి కదిపాడు.

"బువ్వ తిన్నవా?"

భూలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఏడ్చాను, ఈసారి కంట్లో పీచు పడిందన్న సాకు కూడా లేదు. తినలేదని చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి కిటికీకి చీర అడ్డం కట్టబోయింది. "ఎండ కండ్లల్ల కొడుతున్నది. ఈయనకు ఎండ పొడ పడదన్నా, చిన్నప్పటి సంది. తలకాయ పగిలిపోతది, రెండు రోజులు లేవడు. మా అత్త గూడ చెప్పేది" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను, ఏం విన్నానో సరిచూసుకోవడానికి మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది. నాకు మా గది, ఆ పడమటి కిటికీ, మారిన కుర్చీలు గుర్తొచ్చాయి. రోజూ సాయంత్రం కళ్ళు చికిలించుకుని, ఎండకు ఎదురుగా కూర్చుని పుస్తకం చదివిన సదానందం గుర్తొచ్చాడు. తలనొప్పని అతను తువ్వాలు బిగించి కట్టుకునే రోజుల్లో, ఎక్కువ చదవకురా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. మూడేళ్ళు.

అతని వైపు తిరిగాను. "ఎండ మంచిగనిపిస్తదంటివి గద?"

సదానందం పెదవుల చివర్లు కొంచెం లేచాయి. "ఎండ నీ మొఖం మీద పడితే నాకేం ఫాయిద పటేలా?" అన్నాడు.

భూలక్ష్మిని చీర కట్టనివ్వలేదు అతను. నేను లేచి నా ఒంటితో సగం ఎండను అడ్డుకుని, పెదవుల మీద మాత్రం వెలుగు ఉండేటట్టు నిలబడ్డాను. ఆ సాయంత్రం పొద్దుగూకే దాకా మాట్లాడుకున్నాం. పక్క మంచాలవాళ్ళు, చప్పుడు లేకుండా నవ్వుకుంటున్న ఇద్దరు మనుషులను వింతగా చూశారు. ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు. కార్ఖానాకు కూడా వెళ్ళాడట. అక్కడ అతని గొంతు పోయిందని కొత్తగా వచ్చినవాళ్ళకు చాలా రోజుల దాకా తెలియనే లేదట.

ఈ ఏడు మా ఎనిమిదో తరగతిలో ఒక పాప చేరింది. మొదటి బెంచీలో కూర్చుంటుంది, ఎవరు ఏమన్నా నవ్వి "ఔ" అంటుంది, బుద్ధిమంతురాలని టీచర్లందరూ మెచ్చుకుంటారు. ఆమెకు చెప్పాల్సిన మాటలు చెప్పడానికి ఇంకొంచెం సమయం కావాలి, తొందరపడితే రెండు రోజులు అలుగుతుందని నాకు తెలుసు. అంతదాకా నేను పాఠం చెప్పే చోటు మార్చాను. బోర్డు పక్క నీడ వదిలేసి, కిటికీలోంచి ఎండ పడే మూలకు వచ్చి నిలబడుతున్నాను. సాయంత్రానికి తల దిమ్మెక్కుతుంది. ఆ మూలన ఎందుకు సారూ అని తోటి టీచర్లు అడిగితే, నాకు ఎండ మంచిగనిపిస్తదని చెప్పాను.